కుంపటి సంగతి ముందు, గీజర్ సంగతి తర్వాత

సలహా అడుగుతూ ఈ ఉత్తరం రాసినావిడ తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఈవిడ ఉద్యోగం వల్ల వేరే ఊళ్లో ఉంటారు, అమ్మానాన్న మాత్రం పల్లెలో తాతగారు కట్టిన పెంకుటింట్లోనే ఉంటున్నారు. మట్టి గోడలు, రెండు గదులు, వెనక వసారా, బాత్రూమూ లెట్రినూ రెండూ దొడ్డి చివర. నాన్నకి 76 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటారు, అమ్మకి 71. పోయిన చలికాలం ఓ తెల్లవారుజామున అమ్మ దొడ్లోకి వెళ్తూ నాచు పట్టిన రాయి మీద జారి పడితే మణికట్టు విరిగింది. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గొడవ. ఈవిడ లోపలే బాత్రూమ్ కట్టించి గీజర్ పెడదామంటారు, ఎవరో చెప్పారని గ్యాస్ గీజర్ కొని పంపించేశారు కూడా, అది అట్టపెట్టెలోనే వసారాలో ఉంది. నాన్న గోడ మీద ఒక్క సుత్తి దెబ్బ కూడా పడనివ్వనంటారు. అన్నయ్యేమో ఆ పాత ఇంటి మీద డబ్బు పోయడం దండగ, ఇద్దర్నీ నా ఫ్లాట్‌కి తీసుకెళ్లిపోతానంటాడు. అమ్మ మాత్రం "నా గురించి మీరు కొట్టుకోకండి" అని ఊరుకుంటుందట. ఈలోపు ఆవిడ ప్లాస్టిక్ బకెట్లో హీటర్ రాడ్ వేసి నీళ్లు కాచుకుంటోంది, ఆ ప్లగ్గు పెట్టే చోట గోడ నల్లగా మాడింది. చలి ఎక్కువైతే నాన్న కుంపటి లోపలికి తెచ్చుకుని తలుపులు బిగించి పడుకుంటారు, పొద్దున లేస్తే తలనొప్పి అంటారు. ఉన్న డబ్బు ఒక పనికే సరిపోతుంది, ఏం చెయ్యను, నాన్నని ఎలా ఒప్పించను అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. నాలుగు పేజీల్లో గీజర్ గురించి రెండు పేజీలు, అన్నయ్య గురించి ఒక పేజీ, కుంపటి గురించి ఒకే ఒక్క లైను. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ ఒక్క లైనే. అందుకని మీరు అడిగిన వరసలో కాకుండా నా వరసలో చెప్తాను, ఏమీ అనుకోకండి.

మీరు ఇది చదవడం అవ్వగానే నాన్నగారికి ఫోన్ చెయ్యండి. బాత్రూమ్ మాట ఎత్తొద్దు, కుంపటి మాట ఒక్కటే మాట్లాడండి. బొగ్గులు మూసిన గదిలో మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగ పోయి ఎర్రటి నిప్పులు మిగిలాక ఇంక ప్రమాదం లేదనుకుంటారు పెద్దవాళ్లు, కానీ అప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది, అంటే గాలి పీలుస్తూనే ఉంటాం కానీ ఒంటికి అందదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, తర్వాత మగత. నిద్రలో ఉన్నవాళ్లకి ఇవేవీ తెలియకుండానే ప్రాణం మీదకి వచ్చేస్తుంది. నాన్నగారి పొద్దుటి తలనొప్పి బీపీ వల్లా చలి వల్లా అని మీరు అనుకుంటున్నారేమో, నాకైతే అది కుంపటి తలనొప్పిలాగే ఉంది. ఈ రాత్రి నుంచి కుంపటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు, బయట కూర్చుని ఎంతసేపు కాచుకున్నా ఇబ్బంది లేదు. కుంపటి పక్కన ఉన్నప్పుడు వచ్చిన తలనొప్పి అని డాక్టర్‌కి కూడా చెప్పండి, చెప్తే తప్ప వాళ్లకి తట్టకపోవచ్చు.

ఇదే లెక్కన ఆ గ్యాస్ గీజర్ కూడా. ఏ గ్యాసైనా సరిగ్గా మండాలంటే గాలి కావాలి. చిన్న బాత్రూమ్, తలుపేసి కిటికీ మూసేసి పది నిమిషాలు వేడినీళ్లు వదిలితే ఆ గదిలో ఆక్సిజన్ తగ్గిపోయి ఇదే విషవాయువు వస్తుంది. గ్యాస్ గీజరే కావాలనుకుంటే బయటి గోడకి తగిలించి పైపు మాత్రం లోపలికి తెచ్చుకోవాలి, లేదంటే బయటి గాలి తీసుకుని పొగని బయటికే పంపే సీల్డ్ రకం ఉంటుంది, అది పెట్టాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మీ ఇంటి మీద ట్యాంకు కుళాయికి ఎనిమిదడుగుల ఎత్తులో ఉందన్నారు. నీళ్ల ప్రెషర్‌ని బార్‌లలో కొలుస్తారు, పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ వస్తుంది, ఎనిమిదడుగులంటే బార్‌లో నాలుగో వంతు. అంత తక్కువ ప్రెషర్‌కి చాలా గ్యాస్ గీజర్లు అసలు వెలగనే వెలగవు. పెట్టె విప్పలేదు కాబట్టి వెనక్కి తీసుకుంటారేమో అడగండి. మంచి మనసుతో కొన్నారు, కానీ ఆ ఇంటికి అది నప్పదు.

ఇక రాడ్డు, మాడిన ప్లగ్గు. మామూలు రాడ్డు 1500 వాట్లు అనుకున్నా 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. పాత ఇళ్లలో లైట్లకి వేసిన సన్న వైర్లు, ఐదారు ఆంపియర్ల ప్లగ్గులు అంతసేపు ఆ లోడు మోయలేవు, అందుకే వేడెక్కి మాడుతోంది, అంటే ప్రతిరోజూ నిప్పు దాకా వెళ్లి వెనక్కి వస్తున్నట్టే. పైగా అమ్మ నీళ్లు కాగాయా లేదా అని వేలు పెట్టి చూస్తుందని రాశారు. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి, ఎర్తింగ్ లేని ఇంట్లో! ఆవిడకి ఒక్క మాట చెప్పండి, స్విచ్చు కట్టేసి ప్లగ్గు పీకాకే బకెట్ ముట్టుకోవాలని. అసలైతే ఈ చలికాలం దొడ్లో కట్టెల పొయ్యి మీద కాగులో కాచుకోవడమే ఆ రాడ్డు కంటే నయం. నాన్నగారు ఆ మాట అంటే మీరు పాత పద్ధతి అని కొట్టిపారేశారట, ఈ ఒక్క విషయంలో ఆయన మాటే రైటు. వేడినీళ్ల కాగు అమ్మ చేత మోయించకుండా చూసుకోండి చాలు, మణికట్టు ఇంకా పూర్తిగా కోలుకుని ఉండదు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. మీరు నాన్నగారిది మొండితనం అంటున్నారు. నాకు అలా అనిపించలేదు. నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు కూడా మట్టి గోడల ఇల్లే. మా పిన్ని పట్టుబట్టి లోపలి గది మూలలో బాత్రూమ్ పెట్టించింది, మేస్త్రీ గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి నున్నగా టైల్స్ వేశాడు, చూడ్డానికి ఎంత బాగుందో. రెండో ఏడు వానాకాలం వెళ్లాక అవతలి గదిలో, మంచం వెనక, గోడకి ఉప్పు పూసింది. వేలితో నొక్కితే లోపలికి దిగింది. టైల్స్ వైపు ఏమీ తెలియలేదు, మెరుస్తూనే ఉన్నాయి. మట్టి గోడ, సున్నపు గోడ చెమ్మని పీల్చుకుంటాయి, మళ్లీ గాలికి వదిలేస్తాయి, అదే వాటి బతుకు. ఒకవైపు సిమెంటుతో మూసేస్తే టైల్ సందుల్లోంచి, పైపు చుట్టూ ఉన్న చిన్న చిన్న ఖాళీల్లోంచి దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక గోడ లోపలే నానతాయి. చివరికి ఆ గోడ మొత్తం విప్పాల్సి వచ్చింది. కాబట్టి నాన్నగారు "గోడ జోలికి రావొద్దు" అంటే ఆయనకి మీ మీద కోపం ఉన్నట్టు కాదు, ఆ గోడ గురించి మీ మేస్త్రీకి తెలియనిది ఏదో ఆయనకి తెలుసు. ఏ వైపు వాన కొడుతుంది, ఏ మూల ఎప్పుడు దిగింది, ఎక్కడ తాతగారు రాయి వేశారు, ఎక్కడ వట్టి మట్టి, ఇవి ఆయన్ని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒప్పించడానికి వేసే ఎత్తులాగా కాదు, నిజంగా అవసరం కాబట్టే అడగండి. ఆ కాగితం లేకుండా ఏ మేస్త్రీ వచ్చినా గుడ్డిగానే కొడతాడు.

సరే, దారులు ఏమున్నాయో చూద్దాం.

ఒకటి, లోపల గది మూలలోనే కట్టడం, అంటే మీరు అనుకున్నది. అమ్మ మంచం నుంచి నాలుగడుగులు, చలికి బయటికి వెళ్లక్కర్లేదు, నిజమే. కానీ పైన చెప్పిన గోడ సంగతి ఉంది. పోనీ గోడకి ఆనించకుండా విడిగా ఫ్రేమ్ నిలబెట్టి, దానికి బోర్డులు, వాటర్ ప్రూఫింగ్ వేసి, మట్టి గోడకీ దానికీ మధ్య గాలి ఆడేలా ఖాళీ వదిలి కడితే కుదురుతుంది, అలా చేసేవాళ్లూ ఉన్నారు, కాకపోతే అది ఓపికగా చేసే పనివాళ్లు దొరకాలి, దగ్గరుండి చూసేవాళ్లు ఉండాలి. మీరు నెలకోసారి వెళ్తారు. లెట్రిన్ పైపుకి మూడు నాలుగు అడుగులకి ఒక అంగుళం వాటం కావాలి, గది మధ్యలోంచి బయటికి అంత వాటం ఇవ్వాలంటే గచ్చు ఎత్తాలి, ఎత్తితే మెట్టు వస్తుంది, ఏ మెట్టు మీద పడుతుందోననే కదా మన భయమంతా. నేనైతే మీ ఇంటికి ఇది వద్దంటాను.

రెండోది, దొడ్లో ఉన్నదాన్నే బాగుచేయడం. ఖర్చు తక్కువ, ఇంటి గోడని ముట్టుకోరు, నాన్నగారు ఈరోజే సరే అంటారు. నాచు రాళ్లు తీసేసి గరుకు గచ్చు పోయించడం, దారి పొడుగునా పైన రేకు, పక్కన పట్టుకోవడానికి పైపు, మనిషి అలికిడికి వెలిగే లైటు. లోపల కమోడ్. ఇంత చేసినా రాత్రి రెండింటికి వెచ్చటి దుప్పట్లోంచి లేచి చల్లగాలిలో 32 అడుగులు నడవడం మాత్రం తప్పదు. బీపీ ఉన్న మనిషికి ఒక్కసారిగా చలి తగిలితే రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, వెంటనే వేడినీళ్లు పోసుకుంటే అవి వదులై బీపీ పడుతుంది, కళ్లు తిరుగుతాయి. పడటాలు ఎక్కువగా అక్కడే. ఐదేళ్ల తర్వాత ఆ నడక ఇంకా కష్టం అవుతుంది, అప్పుడు మళ్లీ మొదటికి వస్తారు.

మూడోది, నాకు బాగా నచ్చింది, వెనక వసారా చివర ఇంటికి ఆనుకుని కొత్త బాత్రూమ్ కట్టడం, దాని పునాది దానిదే, దాని గోడలు దానివే. మీరు గీసి పంపిన బొమ్మలో వసారాకి పక్క తలుపు ఒకటి ఉంది, ఎప్పుడూ మూసే ఉంటుందని రాశారు. ఆ గుమ్మమే బాత్రూమ్‌కి దారి అవుతుంది, గోడ కొత్తగా పగలగొట్టే పని లేదు! అయితే జాగ్రత్తలు ఉన్నాయి. పాత గోడ పక్కన పునాది ఒకేసారి పొడుగ్గా తవ్వేస్తే మట్టి గోడ కింద నేల జారుతుంది, అందుకని మూడు నాలుగు అడుగుల ముక్కలుగా తవ్వి కట్టుకుంటూ పోవాలి, పాత పునాది కంటే లోతుకి వెళ్లకూడదు. కొత్త గోడ పాత గోడకి అతికించొద్దు, కొత్తది ఎలాగూ కొంచెం దిగుతుంది, అతికిస్తే పాతదాన్ని లాగుతుంది, ఒక అంగుళం సందు వదిలి పైన వాన పడకుండా రేకు మడత వెయ్యాలి. చూరు నీళ్లు కొత్త కప్పు మీద పడి ఇంటి వైపు కాకుండా బయటికి పోయేలా కప్పు వాటం ఉండాలి. దీనికి టైము పడుతుంది, ఈ చలికాలానికి అందదు. బావి ఉందన్నారు కదా, కొత్తగా సెప్టిక్ ట్యాంకు తవ్వాల్సి వస్తే అదీ దాని సోక్‌పిట్టూ, అంటే మురుగునీళ్లు ఇంకే గుంత, బావికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి, ఇసుక నేలైతే ఇంకా ఎక్కువ, పాత ట్యాంకే బాగుంటే దానికే కలపొచ్చు.

నాలుగోది అన్నయ్య మాట. మీరు దాన్ని పోటీలాగా తీసుకున్నారు, నాకు అది ఈ చలికాలానికి సాయంలాగా కనబడుతోంది. బాత్రూమ్ పని జరిగే రెండు మూడు నెలలు దుమ్ము, గోతుల మధ్య వాళ్లిద్దరూ ఉండటం కంటే అక్కడ ఉండటం మంచిది. "వచ్చెయ్యండి" అంటే నాన్నగారు కదలరు, "పని అయ్యేదాకా ఉండి రండి" అంటే కదులుతారేమో. కాకపోతే ఆయన లేకుండా గోడ దగ్గర పని మొదలుపెట్టారని తెలిస్తే మళ్లీ ఎవర్నీ నమ్మరు, అందుకని పునాది పని ఆయన ఉండగా, ఫినిషింగ్ పని ఆయన లేనప్పుడు పెట్టుకోండి. అన్నయ్య డబ్బు పెట్టకపోయినా వాళ్లని చూసుకునే ఈ పని తన చేతిలో పెడితే అన్నయ్య గొంతు కూడా మారొచ్చు.

కొత్త గది కట్టేటప్పుడు మేస్త్రీలు తేలిగ్గా వదిలేసేవి కొన్ని ఉంటాయి, పట్టుబట్టండి. నేల వాటం ఏడడుగులకి ఒక అంగుళం, అదీ ట్రాప్ వైపు, అంటే నీళ్లు పోయే తూము వైపు, గుమ్మం వైపు కాదు. టైల్స్ వేసే ముందు వాటర్ ప్రూఫింగ్ చేసి, ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి 48 గంటలు ఉంచాలి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి చూసుకోవాలి. గీత కిందకి నీళ్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టు, అప్పుడే సరిచేస్తారు, టైల్స్ వేశాక ఎవరూ చెయ్యరు. నున్నటి టైల్స్ వద్దు, తడి కాలికి గరుగ్గా తగిలేవి చూడండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, మనిషి లోపల తలుపుకి అడ్డంగా పడిపోతే లోపలికి తెరిచే తలుపు తెరవలేం. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తు, పక్కన పట్టుకునే రాడ్డు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో. ఆ రాడ్డు కొత్త ఇటుక గోడకే బిగించాలి, మట్టి గోడకి మేకు బిగిస్తే అమ్మ బరువంతా వేసిన రోజే ఊడొస్తుంది.

నీళ్లు కాచడానికి కరెంటు స్టోరేజ్ గీజర్, 15 లీటర్లది చాలు. ఎలాగంటే 60 డిగ్రీల వేడినీళ్లు 15 లీటర్లకి 20 డిగ్రీల చన్నీళ్లు 15 లీటర్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు వస్తాయి, ఒక మనిషి బకెట్ స్నానానికి ఎక్కువే. 2 కిలోవాట్లదైతే ఇరవై నిమిషాల చిల్లరలో కాగుతాయి, యూనిట్‌లో ముప్పావు వంతు కూడా కాలదు. కరెంటు ఆదా అని దాన్ని 40 దగ్గర పెట్టి ఉంచకండి, 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది ఊపిరితిత్తులకి చేటు. 60 దగ్గర పెడితే ఆ భయం లేదు, కానీ ఆ నీళ్లు నేరుగా పడితే ఐదారు సెకన్లలో చర్మం లోతుగా కాలుతుంది, ముసలివాళ్ల చర్మానికి ఇంకా తొందరగా. అందుకే కుళాయికి ముందు థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ పెట్టించండి, అది వేడినీళ్లలో చన్నీళ్లు తనే కలిపి ఒకే వేడిలో వదులుతుంది, మీ తక్కువ ప్రెషర్‌కి పనిచేసేదే అడగండి. అది కుదరకపోతే బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి తర్వాత వేడినీళ్లు కలపడం అలవాటు చెయ్యండి. ఆ గీజర్ నీళ్లతో కలిపి పాతిక కిలోల దాకా ఉంటుంది, అదీ కొత్త గోడకే. సోలార్ గురించి అడిగారు, పెంకుల మీద మాత్రం వద్దు, 200 లీటర్ల ట్యాంకంటే నీళ్ల బరువే 200 కిలోలు, పాత వాసాలు మోయలేవు.

వీటన్నిటికంటే ముందు వైరింగ్. మీ డబ్బు ఒక్క పనికే సరిపోతుందంటే నేను మొదట దానికే పెట్టమంటాను. మెయిన్ దగ్గర్నుంచి గీజర్‌కి విడిగా ఒక లైను, 2 కిలోవాట్లంటే తొమ్మిది ఆంపియర్లు దాటదు, 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగ్గ రాగి వైరు, సరైన ఎర్తింగ్, ఇంటికి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకి పోతుంటే క్షణంలో కట్టేసేది అదే, ఫ్యూజుకి ఆ సంగతి తెలియదు. దీనికి గోడ పగలగొట్టక్కర్లేదు, పైన పైపుల్లో లాగొచ్చు, నాన్నగారికీ అభ్యంతరం ఉండదు. కొత్త బాత్రూమ్ వచ్చే ఏడు కట్టినా ఈ లైను అప్పుడూ పనికొస్తుంది.

కుంపటి మానిపించారు సరే, మరి చలి? ఆ ప్రశ్నకి సమాధానం లేకపోతే ఆయన నాలుగో రోజు మళ్లీ కుంపటి తెచ్చుకుంటారు. ఇల్లంతా వేడి చేయాలనుకోకండి, పెంకుటిల్లు వల్ల కాదు, వాళ్లు పడుకునే గది ఒక్కటి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో చలికాలం ఇంటి లోపల 18 డిగ్రీలకి తగ్గకుండా ఉంచమంది, ముసలివాళ్లకి అంతకంటే కొంచెం ఎక్కువే ఉంచాలి. వేడి పైకి పోతుంది కాబట్టి ఆ గదికి పెంకుల కింద బోర్డులతో సీలింగ్ కొట్టించి పైన వేడిని ఆపే గ్లాస్ ఊల్ లాంటిది పరిస్తే సగం పని అయిపోతుంది. వాసాలకి గాలి ఆడేలా పెంకులకీ దానికీ మధ్య ఖాళీ ఉంచాలి. తలుపు కింద సందుకి గుడ్డ చుట్ట, కిటికీకి మందం కర్టెన్. అప్పుడు ఆయిల్ నింపిన కరెంటు రేడియేటర్ ఒకటి పెడితే నిప్పు లేదు, పొగ లేదు, కానీ అది కూడా 1500 వాట్లు లాగుతుంది, మాడిన ప్లగ్గుకి తగిలించొద్దు, వైరింగ్ ముందు అన్నది ఇందుకే. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఒకటి పెట్టండి, బ్యాటరీ మీద నడుస్తుంది, ఆయన మాట తప్పినా అది అరుస్తుంది. బాత్రూమ్‌లోకి మాత్రం ఈ రేడియేటర్‌ని తోసుకెళ్లొద్దు, అక్కడ కావాలంటే గోడకి ఎత్తులో బిగించే రకం, స్విచ్చు బయట.

ఇంకొక్కటి. మీ ఉత్తరంలో నాన్న ఏమన్నారో ఉంది, అన్నయ్య ఏమన్నాడో ఉంది, మీరేం అనుకుంటున్నారో ఉంది. అమ్మకి ఏం కావాలో లేదు. "నీకేం కావాలమ్మా" అని అడిగితే ఏమీ వద్దంటుంది. అలా కాకుండా రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు, లేచినప్పుడు చెయ్యి దేని మీద వేస్తావు, ఎక్కడ భయమేస్తుంది అని అడగండి. చాలామంది ఆడవాళ్లు రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, ఆవిడ కూడా అదే చేస్తోందేమో కనుక్కోండి. రాత్రిపూటకి మంచం పక్కన కమోడ్ కుర్చీ ఒకటి పెట్టడం ఈ వారంలోనే అయ్యే పని, ఇబ్బందిగా అనిపిస్తే చలి తగ్గేదాకా అని చెప్పండి.

కొత్తది కట్టాక కూడా దొడ్లో పొయ్యి పడగొట్టకండి. కరెంటు పోయిన రోజు నీళ్లు అక్కడే కాగాలి, నాన్నగారికి చలి కాచుకోవడానికి కూడా అదే చోటు. ఆరుబయట ఉంది కాబట్టి ఆ విషవాయువు భయం లేదు, పక్కన వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి వేసి ఉంచండి.